మొదటి నెల ఆట చూసి డ్రాఫ్ట్ ట్రేడ్‌ని తేల్చెయ్యొచ్చా? లూకా, ట్రే యంగ్‌ల మార్పిడి గురించి

మీ ప్రశ్న ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజుని డ్రాఫ్ట్ అంటారు. 2018 డ్రాఫ్ట్ రాత్రి అట్లాంటా హాక్స్ లూకా డాంచిచ్‌ని డల్లాస్‌కి ఇచ్చేసి ట్రే యంగ్‌ని తెచ్చుకుంది. అది తప్పని సీజన్ మొదలైన నెలకే తెలిసిపోయిందని మీ రూమ్మేట్ అంటున్నాడు. రూకీలు, అంటే లీగ్‌లో మొదటి ఏడాది ఆటగాళ్ళు, ఆడిన మొదటి పది, పదిహేను ఆటలు చూసి ఒక ట్రేడ్ మంచిదో చెడ్డదో చెప్పెయ్యొచ్చా అని మీరు అడిగారు.

చెప్పలేం. మీ రూమ్మేట్ ఇచ్చిన తీర్పుతో నాకు పేచీ లేదు. అతను చూపిస్తున్న సాక్ష్యంతోనే పేచీ. ఆ నెల రోజుల ఆటలో ఆ తీర్పు లేదు. అంతకు ముందు మూడేళ్ళ ఆటలో ఉంది, ఆ తర్వాత మూడేళ్ళ ఆటలో ఉంది. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నేను అట్లాంటా శివార్లలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. హాక్స్ ఆటలు దాదాపు అన్నీ చూస్తాను. శని, ఆదివారాల్లో మా చుట్టుపక్కల పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. మా బావమరిది ఉండేది డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో. కాబట్టి ఈ ట్రేడ్ మా ఇంట్లో ఎనిమిదేళ్ళుగా నడుస్తున్న చర్చ.

2018 జూన్ 21 రాత్రి ఏం జరిగిందో ముందు చూద్దాం. ఫీనిక్స్ మొదటి పిక్‌తో (పిక్ అంటే ఎంచుకునే వంతు) డిఆండ్రే ఐటన్‌ని తీసుకుంది. శాక్రమెంటో రెండో పిక్‌తో మార్విన్ బాగ్లీని తీసుకుంది. మూడో పిక్ మాది, లూకాని ఎంచుకున్నాం. ఐదో పిక్‌తో డల్లాస్ ట్రే యంగ్‌ని ఎంచుకుంది. తర్వాత ఇద్దరినీ మార్చుకున్నారు. రెండు మెట్లు పైకెక్కినందుకు డల్లాస్ తన 2019 మొదటి రౌండ్ పిక్‌ని కూడా అట్లాంటాకి ఇచ్చింది, ఒక షరతుతో. ఆ పిక్ మొదటి ఐదు స్థానాల్లో పడితే డల్లాస్ దగ్గరే ఉండిపోతుంది, ఆరు నుంచి కిందికి పడితే మాకు వస్తుంది. ఈ షరతు గుర్తుంచుకోండి, దాని గురించి మళ్ళీ మాట్లాడతాను.

ఆ రాత్రే బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మీవాళ్ళు బంగారం ఇచ్చి ఇత్తడి పట్టుకెళ్ళారు" అన్నాడు. నిజంగా బాధేసింది, ఎందుకంటే నాకూ లూకానే కావాలి.

రెండు వారాలు తిరక్కుండానే జూలై మొదట్లో సాల్ట్ లేక్ సిటీలో సమ్మర్ లీగ్, సీజన్‌కి ముందు కొత్తవాళ్ళు ఆడే పోటీ. ట్రే యంగ్ మొదటి ఆట. 20 షాట్లు వేస్తే 4 పడ్డాయి. అందులో మూడు పాయింట్ల షాట్లు (త్రీలు) 11 వేస్తే పడింది ఒక్కటి. అదే ఆటలో అవతలి వైపు మెంఫిస్ రూకీ జారెన్ జాక్సన్ జూనియర్ 8 త్రీలు కొట్టి 29 పాయింట్లు చేశాడు. మరుసటి రోజు అందరి నోటా ఒకటే మాట, అట్లాంటా మునిగిపోయిందని.

అక్టోబర్‌లో అసలు సీజన్ మొదలైంది. మూడో ఆటలో, క్లీవ్‌లాండ్‌లో, అదే కుర్రాడు 35 పాయింట్లు, 11 అసిస్టులు (సాటివాడు బుట్టలో వేసేలా ఇచ్చిన పాస్‌లు) చేశాడు. ఈసారి మాట మారింది, త్రీలకు పేరుమోసిన స్టెఫ్ కరీ లాంటివాడు ఇంకొకడు దొరికాడన్నారు. మూడు రోజుల తర్వాత, అక్టోబర్ 24న, కొత్తగా బాగుచేసిన స్టేట్ ఫార్మ్ అరీనాలో హాక్స్ మొదటి ఆట. వచ్చిన జట్టు డల్లాస్. బావమరిది దానికోసమే విమానమెక్కి వచ్చాడు. హాక్స్ మొదట్లో 20 పాయింట్లకు పైగా వెనకబడి, చివరికి 111-104తో గెలిచింది. కానీ ఆ గెలుపు ఎవరి వల్ల? కెంట్ బేజ్‌మోర్ 32 పాయింట్లు కొట్టాడు కాబట్టి. ఇద్దరు రూకీలూ బాగానే ఆడారు, ఇద్దరూ తప్పులూ చేశారు. మర్నాడు పేపర్లు, టీవీలు మాత్రం ఆ రాత్రి ట్రేడ్ పరీక్ష జరిగినట్టే రాశాయి.

నవంబర్ వచ్చేసరికి ట్రే యంగ్ త్రీలు పడటం మానేశాయి. మళ్ళీ మునిగిపోయాం.

జూలై నుంచి నవంబర్ దాకా ఒకే మనిషి మీద నాలుగు తీర్పులు. ఆ మనిషి మారలేదు. షాట్లు కొన్ని పడ్డాయి, కొన్ని పడలేదు, అంతే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఒక ఆటగాడికి నిజంగా 36 శాతం త్రీలు వేసే సత్తా ఉందనుకుందాం, అంటే మంచి షూటరే. ఆటకి ఐదు చొప్పున పది ఆటల్లో 50 త్రీలు వేస్తాడు. సగటున 18 పడాలి. కానీ కేవలం అదృష్టం అటూ ఇటూ అవడం వల్లే 12 పడొచ్చు, 24 పడొచ్చు. ఇరవైలో పందొమ్మిది సార్లు ఫలితం ఈ రెంటి మధ్యనే ఉంటుంది. అంటే అదే మనిషి, అదే చెయ్యి, పది ఆటల్లో 24 శాతం కనిపించొచ్చు, 48 శాతమూ కనిపించొచ్చు. 24 చూసినవాళ్ళు ఇత్తడంటారు, 48 చూసినవాళ్ళు బంగారమంటారు. పది ఆటల త్రీ పాయింట్ శాతం చూసి ట్రేడ్ గురించి మాట్లాడొద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

అయితే మొదటి నెలలో చూడ్డానికేమీ లేదా? ఉంది, కానీ పాయింట్ల పట్టికలో దొరకదు.

నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎవరికైనా షాట్లు పడకపోతే, ఎన్ని పడలేదో లెక్కపెట్టను. బంతి ఎటు తప్పుతోందో చూస్తాను. రింగుకి ఎదురుగానే వెళ్ళి ముందంచుకి తగిలి తిరిగొస్తుంటే కాళ్ళల్లో బలం చాలడం లేదని అర్థం. అలసట, కొత్త దూరం, ఎక్కువ నిమిషాలు ఇవే కారణాలు. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. బంతి కుడికీ ఎడమకీ పోతుంటే మోచేతిలోనో, వేళ్ళు వదలడంలోనో లోపం ఉంది, అది పని చేసి మార్చాల్సిన విషయం. రూకీలకూ ఇదే వర్తిస్తుంది. ఆ నవంబర్‌లో ట్రే యంగ్ వేసినవి ఎక్కువగా పొట్టిగా పడేవి. 6 అడుగుల 1 అంగుళం కుర్రాడు, రోజు విడిచి రోజు ప్రయాణం, 30 అడుగుల దూరం నుంచి షాట్లు. కాళ్ళు మొరాయించడంలో వింతేముంది?

రెండోది ఫ్రీ త్రోలు, అంటే ఎదుటివాడు ఫౌల్ చేస్తే దొరికే షాట్లు. అక్కడ డిఫెండర్ ఉండడు, హడావుడి ఉండదు, చెయ్యి ఎలాంటిదో తేటగా తెలుస్తుంది. ఆ సీజన్ మొత్తమ్మీద ట్రే యంగ్ ఫ్రీ త్రోలు 82.9 శాతం, లూకావి 71.3 శాతం. చాలామంది మర్చిపోయిన సంగతి ఇంకోటి చెప్తాను. ఆ ఏడాది త్రీలు ట్రే యంగ్‌కి 32.4 శాతం, లూకాకి 32.7 శాతం. ఇద్దరూ సమానమే! ఒకరిని ఆకాశానికెత్తి, ఇంకొకరిని షూటింగ్ రాదని తిట్టాం.

మూడోది పాస్. ఇదే నాకు ముఖ్యం. అరీనాలో పై వరసలో కూర్చుంటే టీవీలో కనపడనిది కనిపిస్తుంది. ట్రే యంగ్ కోర్టు మధ్య గీత దాటగానే ఇద్దరు డిఫెండర్లు అతని మీదకి వచ్చేవాళ్ళు. వాళ్ళిద్దరి భుజాల మధ్య నుంచి, పరిగెడుతూనే, ఎడమ మూలన ఒంటరిగా ఉన్నవాడి చేతుల్లోకి బంతి వెళ్ళేది. మూలన ఉన్నవాడు ఆ షాట్ తప్పితే అది అసిస్టుగా లెక్కలోకి రాదు. కానీ ఆ దారి కనిపెట్టింది ఇరవై ఏళ్ళ కుర్రాడు. లూకా పద్ధతి వేరు. స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డ సాటివాడు) దాటాక వేగం తగ్గిస్తాడు, డిఫెండర్‌ని తన వీపు మీద మోస్తున్నట్టు పెట్టుకుంటాడు, మిగతా నలుగురూ కదిలేదాకా ఆగుతాడు. 19 ఏళ్ళవాడికి ఆ నిదానం ఎలా వచ్చిందా అని నేనూ బావమరిదీ ఆ రాత్రి ఇంటికి వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఇలాంటివి పది ఆటల్లో కూడా నమ్మొచ్చు. షాట్ పడటం పడకపోవడం రోజుని బట్టి మారుతుంది, దారి కనపడటం అలా మారదు.

ఇప్పుడు పాత సంగతులు కొన్ని, ఎందుకంటే మొదటి ఏడాది ఎంత మోసం చేస్తుందో వీటిలో తెలుస్తుంది.

1998 డ్రాఫ్ట్‌లో ఒకే రాత్రి రెండు మార్పిడులు జరిగాయి. టొరాంటో నాలుగో పిక్‌తో తీసుకున్న ఆంటాన్ జేమిసన్‌ని గోల్డెన్ స్టేట్‌కి ఇచ్చి, ఐదో పిక్ విన్స్ కార్టర్‌ని తెచ్చుకుంది. డల్లాస్ ఆరో పిక్‌తో తీసుకున్న రాబర్ట్ ట్రేలర్‌ని మిల్వాకీకి ఇచ్చి, తొమ్మిదో పిక్ డిర్క్ నోవిట్స్కీని తెచ్చుకుంది. మొదటి ఏడాది కార్టర్ సగటు 18.3 పాయింట్లు, రూకీ ఆఫ్ ది ఇయర్. డిర్క్ సగటు 8.2, మూడు పాయింట్ల షాట్లు 20.6 శాతం. లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్ళకీ మధ్య గొడవతో లీగ్ ఆగిపోవడం) వల్ల సీజన్ 50 ఆటలకు కుదించుకుపోయింది, ఫిబ్రవరిలో మొదలైంది, జర్మనీ నుంచి వచ్చిన కుర్రాడికి కుదురుకునే సమయమే దొరకలేదు. ఆ వసంతంలో ఎవరైనా తీర్పు చెప్పి ఉంటే టొరాంటో తెలివైనది, డల్లాస్ తెలివితక్కువది అనేవారు. మరుసటి ఏడాదే డిర్క్ 17.5కి చేరాడు. 2007లో ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడు), 2011లో డల్లాస్‌కి కప్పు, మొత్తం 21 సీజన్లు ఒకే జట్టుకి. ఇందులో చివరి సీజనే లూకా మొదటి సీజన్. ఆ 2018-19లోనే మా హాక్స్ బెంచ్ మీద నలభై దాటిన విన్స్ కార్టర్, ట్రే యంగ్ పక్కన కూర్చుని ఉండేవాడు. ట్రేలర్ మాత్రం 2011 మేలో, డల్లాస్ గెలవడానికి నెల ముందు, 34 ఏళ్ళకే చనిపోయాడు. అతని పేరు ఎప్పుడూ ఈ ట్రేడ్‌తోనే తలుచుకుంటారు, అది నాకు కష్టంగా ఉంటుంది. డిర్క్‌తో మార్చమని అతను అడగలేదు కదా.

1996 ఇంకా విచిత్రం. షార్లట్ 13వ పిక్‌తో కోబీ బ్రయంట్‌ని తీసుకుని, లేకర్స్‌కి ఇచ్చి, వ్లాడే డివాచ్‌ని తెచ్చుకుంది. మొదటి ఏడాది కోబీ సగటు 7.6 పాయింట్లు. 1997 మే 12న సాల్ట్ లేక్ సిటీలో యూటాతో ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత కప్పు కోసం ఆడే పోటీలు) ఆట, ఓడి లేకర్స్ ఇంటికెళ్ళిన ఆట. 18 ఏళ్ళ కోబీ రింగుకి కూడా తగలని షాట్లు నాలుగు వేశాడు, ఆట చివర్లో ఒకటి, ఓవర్‌టైమ్‌లో మూడు. అదే ఏడాది షార్లట్, డివాచ్‌తో 54 ఆటలు గెలిచింది. ఆ వేసవిలో పట్టిక చూసినవాళ్ళకి షార్లట్ లాభపడ్డట్టే కనిపించేది. పైగా డివాచ్ జీతం తమ లెక్కలోంచి పోవడం వల్లే లేకర్స్‌కి లీగ్ పెట్టిన జీతాల పరిమితిలో మేటి ఆటగాడు షకీల్ ఓనీల్‌ని తీసుకునే చోటు దొరికింది. రూకీ ఎంత ఆడాడన్న లెక్కలో ఇది ఎక్కడా కనపడదు. 2018లో రెండో పిక్ చేతిలో పెట్టుకుని లూకాని వదిలేసిన శాక్రమెంటో జనరల్ మేనేజర్ ఎవరో తెలుసా? ఈ డివాచే.

దీనికి తిరగబడ్డ కథ 2013 నాటిది. ఫిలడెల్ఫియా రూకీ మైకేల్ కార్టర్-విలియమ్స్ మొట్టమొదటి ఆటలోనే, అప్పటి చాంపియన్ మయామీ మీద, 22 పాయింట్లు, 12 అసిస్టులు, 7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 9 స్టీల్స్ (ఎదుటివాడి బంతి లాక్కోవడం) చేశాడు. రూకీ ఆఫ్ ది ఇయర్ కూడా అయ్యాడు. అదే డ్రాఫ్ట్‌లో 15వ పిక్ యానిస్ ఆంటెటోకౌన్‌పో మొదటి ఏడాది సగటు 6.8. తర్వాత యానిస్ ఎంతో ఎత్తుకి ఎదిగాడు. కార్టర్-విలియమ్స్‌ని ఫిలడెల్ఫియా రెండో సీజన్ మధ్యలోనే వేరే జట్టుకి పంపేసింది. షాట్ రాదన్న సంగతి వాళ్ళకి రోజూ ప్రాక్టీస్‌లో కనపడుతూనే ఉంది.

మొదటి ఏడాదే నిజం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి, కాదనను. 2017లో బోస్టన్ మొదటి పిక్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, మూడో పిక్‌నీ ఇంకో మొదటి రౌండ్ పిక్‌నీ తీసుకుంది. మూడో పిక్ జేసన్ టేటమ్ మొదటి ఏడాది ప్లేఆఫ్స్‌లో సగటున 18.5 కొట్టాడు. ఫిలడెల్ఫియా తీసుకున్న మార్కెల్ ఫుల్ట్జ్ ఆడింది 14 ఆటలు. కానీ ఫుల్ట్జ్ షాట్ పాడైపోవడానికి కారణం మెడకీ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే సమస్య అని 2018 డిసెంబర్‌లో గానీ బయటపడలేదు. అప్పటిదాకా ఆ కుర్రాడిని పిరికివాడన్నారు, మనసు బాగాలేదన్నారు. తీర్పు సరైనదే కావచ్చు, కారణం పూర్తిగా తప్పు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు కదా. లూకా విషయంలో ఆ మాట నిజమే, కాకపోతే ఆ పువ్వు పుట్టింది డల్లాస్‌లో కాదు. 16 ఏళ్ళకే రియల్ మాడ్రిడ్ పెద్ద జట్టులో ఆడాడు. 2017లో యూరోబాస్కెట్ (ఐరోపా దేశాల పోటీ) గెలిచిన స్లొవేనియా జట్టులో ముఖ్యుడు. 2018లో యూరోలీగ్ (ఐరోపా క్లబ్బుల లీగ్) గెలిచి, దానికి ఎంవీపీ అయ్యాడు. ఎన్‌బీఏ తర్వాత అంత గట్టి పోటీ ఉన్న లీగ్ అదే, అక్కడ 19 ఏళ్ళవాడు అందరికన్నా గొప్ప ఆటగాడయ్యాడు. ట్రే యంగ్ కూడా తక్కువవాడేం కాదు. ఓక్లహోమా తరఫున ఒకే సీజన్‌లో కాలేజీ బాస్కెట్‌బాల్ అంతటికీ పాయింట్లలోనూ అసిస్టుల్లోనూ మొదటివాడు, ఇంకెవరూ చెయ్యని పని అది. కానీ అది కాలేజీ. పైగా 6 అడుగుల 1 అంగుళం మనిషి డిఫెన్స్‌లో ఎప్పటికీ ఒక లోటే. జూన్ 21 రాత్రి మా వాళ్ళ ముందున్న కాగితాలు ఇవి. వాటిని బట్టి చూస్తే లూకాని వదులుకోవడం తప్పని నేను ఆ రాత్రీ అన్నాను, ఇప్పుడూ అంటాను. నవంబర్‌లో ట్రే యంగ్ 50 శాతం త్రీలు వేసి ఉన్నా అదే అనేవాణ్ణి.

ఇక ఆ 2019 పిక్. మొదటి నెలలో ఈ ట్రేడ్‌కి తీర్పు చెప్పడం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. ట్రేడ్‌లో మాకు రావాల్సిన రెండో మనిషి అప్పటికి కాలేజీలో మొదటి ఆటలు ఆడుతున్నాడు. డల్లాస్ ఆ ఏడాది 33 ఆటలే గెలిచింది, పిక్ పదో స్థానంలో పడింది, మాకు కామ్ రెడిష్ వచ్చాడు. అతను పూర్తిగా కుదురుకోకుండానే 2022 జనవరిలో న్యూయార్క్ వెళ్ళిపోయాడు. ట్రేడ్‌లో మేము ఓడిన చోటు ఏదని అడిగితే నేను ట్రే యంగ్‌ని చూపించను, ఆ పదో పిక్‌ని చూపిస్తాను. దాని నుంచి ఒక గట్టి డిఫెండర్ వచ్చి ఉంటే కథ మారేది.

ఆ సీజన్ చివరికి 100 ఓట్లలో 98 లూకాకి, 2 ట్రే యంగ్‌కి పడ్డాయి, లూకా రూకీ ఆఫ్ ది ఇయర్. తర్వాతి ఏడాది ట్రే యంగ్ సగటు 29.6 పాయింట్లు, త్రీలు 36.1 శాతం. ఫ్రీ త్రోలు ముందే చెప్పినదే జరిగింది. 2021లో హాక్స్ ఈస్ట్ ఫైనల్స్‌కి (లీగ్‌లో తూర్పు జట్ల ఫైనల్) వెళ్ళింది, మిల్వాకీలో మొదటి ఆటలో అతను 48 కొట్టాడు. అదే వేసవిలో డల్లాస్ వరసగా రెండోసారి మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్ళింది. ఆ జూన్‌లో బావమరిది నాతో రెండు వారాలు ఫోన్‌లో ట్రేడ్ మాటెత్తలేదు. 2022లో డల్లాస్ వెస్ట్ ఫైనల్స్, 2024లో ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడింది. మళ్ళీ అతనిదే పైచెయ్యి. 2025 ఫిబ్రవరిలో డల్లాస్ లూకానే లేకర్స్‌కి ఇచ్చేసింది. ఆ రాత్రి ఫోన్‌లో అతని గొంతు విన్నాక నేను ట్రేడ్ గురించి ఒక్క మాటా అనలేదు.

నాకున్న పద్ధతి చెప్తాను, నచ్చితే వాడుకోండి. మొదటి రౌండ్ రూకీ కాంట్రాక్ట్ నాలుగేళ్ళది. మూడో సీజన్ అయ్యేదాకా ఎన్‌బీఏలో ఆడిన ఆటని బట్టి ట్రేడ్ మీద మాట అనను. ఈలోగా ఒక పుస్తకంలో ప్రతి రూకీకి ఒక పేజీ పెడతాను. బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ ఎలా పోయిందో రాస్తాను. మంచి పాస్ ప్రయత్నించి పోయిందా, ఎదురుగా ఉన్నవాణ్ణి చూసుకోక పోయిందా? మొదటి రకం కొన్నాళ్ళకి అసిస్టులుగా మారుతుంది, రెండోది అలాగే ఉండిపోతుంది. ఫ్రీ త్రోలు రాస్తాను. నాలుగో క్వార్టర్‌లో కోచ్ అతన్ని ఆడిస్తున్నాడా, కూర్చోబెడుతున్నాడా అన్నదీ రాస్తాను.

2018 నవంబర్ నాటి ట్రే యంగ్ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. పోయిన బంతుల్లో సగానికి పైగా మొదటి రకమే. సీజన్ మధ్యలో వచ్చే ఆల్ స్టార్ విరామం తర్వాత అతని సగటు 24 పాయింట్లు దాటింది. 2019 మార్చి 1న షికాగోతో నాలుగు ఓవర్‌టైమ్‌ల ఆటలో 49 పాయింట్లు, 16 అసిస్టులు. 168-161తో ఓడిపోయాం. అర్ధరాత్రి దాటాక బావమరిది పంపిన మెసేజ్‌లో రెండే ముక్కలున్నాయి: "చూశాను బావా."